పని నేర్పుతారని ఇచ్చిన డబ్బు

(మెట్టకూరులో జరిగిన యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

 

"యువత – ఉపాధి" అనే అంశం మీద మాట్లాడమన్నారు. అంత పెద్ద అంశం ఒక సాయంత్రంలో తెమిలేది కాదు. అందులో ఒక ముక్క తీసుకుంటాను: అప్రెంటిస్‌షిప్. దానికి ముందు నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి.

కొన్నేళ్ల క్రితం ఒక తల్లి నా దగ్గరికి వచ్చింది. "అయ్యగారూ, మావోడు ఐటీఐ ఫిట్టర్ పాసయ్యాడు. ఒక ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా తీసుకుంటామంటున్నారు. పంపమంటారా?" అంది. పంపండమ్మా అన్నాను. సిఫార్సు ఉత్తరం కూడా నేనే రాసిచ్చాను. ఆ కుర్రాడు ఏడాది పొడుగునా లారీలకు పెట్టెలు ఎక్కించాడు. ఆకురాయి పట్టుకున్నది లేదు, డ్రాయింగు చూసింది లేదు. ఏడాది కాగానే రేపటి నుంచి రావద్దన్నారు. సర్టిఫికెట్ అడగబోతే, అసలు ఒప్పందమే నమోదు కాలేదని తేలింది. ఆ తల్లి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేదనిపించింది. ఉత్తరం రాసేముందు నేను రెండు ప్రశ్నలు అడగాల్సింది. అవేమిటో నాకే తెలియదు. అప్పుడు కూర్చుని చట్టం చదివాను. చదివింది మీకు చెబుతాను.

మన దేశంలో అప్రెంటిస్‌ల చట్టం 1961లో వచ్చింది. ఆ చట్టం ప్రకారం అప్రెంటిస్ కార్మికుడు కాడు, నేర్చుకునేవాడు. ఈ ఒక్క మాటలోనే మేలూ ఉంది, ప్రమాదమూ ఉంది. నేర్చుకునేవాడు కాబట్టి నేర్పడం యజమాని బాధ్యత. కార్మికుడు కాడు కాబట్టి కనీస వేతనం, పీఎఫ్ అతనికి వర్తించవు. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిబంధనా లేదు. నేర్పకుండా వాడుకునేవాడికి ఇంతకంటే చవకైన మనిషి దొరకడు.

నేర్పడానికి ఖర్చవుతుందని యజమానులు చాలాకాలంగా అంటున్నారు. అందులో నిజం ఉంది. కొత్త కుర్రాడు సరుకు పాడుచేస్తాడు, మేస్త్రి సమయం తీసుకుంటాడు. అందుకే కేంద్ర ప్రభుత్వం 2016 ఆగస్టులో జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం తెచ్చింది. స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 రూపాయలు మించకుండా, ప్రభుత్వం భరిస్తుంది. ఏ శిక్షణా లేకుండా నేరుగా వచ్చినవారికి ఇచ్చే ప్రాథమిక శిక్షణకు 7,500 రూపాయల వరకు సాయం కూడా ఆ పథకంలో పెట్టారు. డిప్లొమా, డిగ్రీ చదివినవారికి వేరే పథకం ఉంది. అందులో స్టైపెండ్‌లో సగం ప్రభుత్వానిదే.

ఇప్పుడు లెక్క చూడండి. 2019 నిబంధనల ప్రకారం ఐటీఐ పాసైనవారికి కనీస స్టైపెండ్ 7,000. అందులో 1,500 ప్రభుత్వం ఇస్తే యజమానికి పడేది 5,500. నెలకు 26 పనిదినాలు అనుకుంటే రోజుకు 212 రూపాయలు. ఆ డబ్బుకు యానాంలో మట్టి మోయడానికైనా మనిషి వస్తాడా? పని నేర్పితే ఆ 212 న్యాయమే, ఎందుకంటే మిగతా జీతం విద్య రూపంలో అందుతోంది. నేర్పకపోతే అది దోపిడీ. అప్పుడు ఆ 1,500 ప్రజలు పన్ను కట్టి దోపిడీకి ఇచ్చిన చందా అవుతుంది.

బైబిల్లో యాకోబు సంగతి మీకు తెలుసు. మామ లాబాను దగ్గర ఏళ్ల తరబడి పనిచేశాడు. మాట ఒకటి, జీతం ఒకటి. పదిసార్లు జీతం మార్చాడని యాకోబు తన భార్యల దగ్గర వాపోతాడు. అదే బైబిల్లో బెసలేలు, అహోలీయాబు అనే ఇద్దరు పనివాళ్లున్నారు. ప్రత్యక్ష గుడారం పని చేసినవాళ్లు. దేవుడు వాళ్లకు చేతిపనితో పాటు ఇతరులకు నేర్పే మనసు కూడా ఇచ్చాడని నిర్గమకాండం 35లో ఉంది. పని రావడం ఒక వరం, నేర్పడం ఇంకో వరం. ప్రతి ఫ్యాక్టరీ గేటు దగ్గరా నేను అడగాల్సింది ఇదే: లోపల ఉన్నది లాబానా, బెసలేలా?

ఇది యానాంకి ఎందుకు ముఖ్యమో మీకు తెలియనిది కాదు. 2012 జనవరిలో రీజెన్సీ సిరామిక్స్ దగ్గర జరిగింది ఈ ఊరు మర్చిపోలేదు. ఒక కార్మిక నాయకుడు పోయాడు, సంస్థ అధ్యక్షుడు పోయాడు, తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. ఒక్క గేటు మూసుకుంటే ఎన్ని పొయ్యిలు ఆరిపోతాయో అప్పుడు చూశాం. చేతిలో పనీ, దానికి గుర్తింపు ఉన్న కాగితమూ ఉన్నవాడు కాకినాడ వెళ్లి ఇంకో గేటు తట్టగలడు. అనుభవం ఉండి కాగితం లేనివాడు మళ్లీ మొదటి మెట్టు దగ్గర నిలబడాలి.

ఒకప్పుడు మనల్ని ఏలిన ఫ్రాన్సులో 1925 నుంచే యజమానుల మీద అప్రెంటిస్‌షిప్ పన్ను ఉంది. 2020లో కరోనా సమయంలో ఒక్కో అప్రెంటిస్‌కు యజమానికి 5,000 నుంచి 8,000 యూరోల సాయం ఇచ్చారు. కానీ అక్కడ అప్రెంటిస్ జీతాన్ని కనీస వేతనంలో ఇంత శాతమని కడతారు. శిక్షణ కేంద్రంలో చదువు తప్పనిసరి. సాయం తీసుకున్నవాడు చూపించాల్సింది కూడా ఉంది.

మన చట్టంలోనూ అడిగే హక్కులున్నాయి. తల్లిదండ్రులారా, వీటిని రాసుకోండి.

ఒకటి, ఒప్పందం నమోదైందా? అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో ఒప్పందం నంబరు ఉండాలి. 2023 ఆగస్టు నుంచి ప్రభుత్వ వాటా నేరుగా కుర్రాడి బ్యాంకు ఖాతాలో పడే ఏర్పాటు వచ్చింది. ఈ పథకంలో చేర్చామని చెప్పి, నెలలు గడిచినా ఆ డబ్బు పడకపోతే ఎక్కడో తేడా ఉంది. వెంటనే అడగండి.

రెండు, ఏ ట్రేడు? ఎవరు నేర్పుతారు? చివర్లో పరీక్ష, జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ ఉన్నాయా?

మూడు, భద్రత. ఫ్యాక్టరీలో శిక్షణ పొందేవారికి చట్టంలోని ఆరోగ్య, భద్రత నిబంధనలు వర్తిస్తాయి. శిక్షణలో ప్రమాదం జరిగితే పరిహారం హక్కు. "అప్రెంటిస్‌కి ఏమీ రాదు" అంటే నమ్మకండి.

నాలుగు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ అభ్యర్థులకు నిర్దేశిత ట్రేడుల్లో సీట్లు కేటాయించాలని చట్టంలోనే ఉంది. మన పిల్లలు ఆ సీటును దయగా అడగక్కర్లేదు.

యజమాని సోదరులారా, మీతోనూ ఒక మాట. 30 మంది, అంతకు మించి పనిచేసేచోట 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను పెట్టుకోవడం తప్పనిసరి. నలుగురు పనివాళ్లున్న చిన్న వర్క్‌షాపు కూడా ఇష్టమైతే తీసుకోవచ్చు. వెల్డింగ్ షాపులో, మోటారు మెకానిక్ దగ్గర నిజంగా పని నేర్పేది మీరే. పెద్ద కంపెనీకి కాగితాలు చూసే గుమాస్తా ఉంటాడు, మీకుండడు. అందుకే ఈ సాయం మీదాకా రావట్లేదు. ప్రభుత్వాన్ని మనం అడగాల్సింది ఇదే: చిన్న యజమానికి కాగితాల పనిలో తోడు నిలవాలి, సర్టిఫికెట్ చేతికొచ్చేదాకా శిక్షణను తనిఖీ చేయాలి. 2025 మే నెలలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి కనీస స్టైపెండ్‌ను 5,000–9,000 నుంచి 6,800–12,300కు పెంచాలని సిఫార్సు చేసింది. మంచిదే. కానీ స్టైపెండ్ పెరిగినంత మాత్రాన నేర్పడం పెరగదు.

వచ్చే ఆదివారం నుంచి ఆరాధన అయ్యాక గంటసేపు మందిరంలో బల్ల వేసుకుని కూర్చుంటాం. ఏ మతం వాళ్లయినా రండి. ఆధార్, బ్యాంకు పుస్తకం, ఐటీఐ మార్కుల కాగితం తెచ్చుకోండి. పోర్టల్‌లో పేరు ఎక్కిద్దాం, మీకిచ్చిన ఒప్పందం చదివి చెబుదాం. చిన్న యజమానుల కాగితాలు కూడా కలిసి నింపుదాం.

ఆ తల్లికి కూడా కబురు పెట్టాను. కొడుకుని తీసుకొస్తానంది. ఆ బల్ల దగ్గర మొదటి కుర్చీ అతనిది. ఈసారి ఉత్తరం రాసేముందు గేటు దాకా నేనే వెళ్లి అడుగుతాను.

దేవుడు మిమ్మల్ని దీవించును గాక.