కొండెక్కే ముందు ఒక్కమాట

కాలినడకన తిరుమల కొండెక్కాలని మనలో చాలామందికి మొక్కు. పులిహోర పొట్లాలు కట్టడం మరిచిపోం గానీ, దారి తెరిచి ఉందా అని ఒక్కమాట కనుక్కోం! 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారి దెబ్బతింది; నెలల తరబడి మూసేశారు. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత ఓ చిన్నారిని పొట్టన పెట్టుకుంది.

కనుక ముందురోజే వాతావరణ సూచన వినండి. అక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పెద్దవానలు. దారి తెరిచారా, పిల్లల్ని ఏ వేళదాకా పంపుతారు అని దేవస్థానం వారిని అడగండి.

పోయిన కార్తీకంలో ముసురు చూసి నేను ఆగుదామంటే మావారు ముఖం ముడుచుకున్నారు. రెండురోజులాగి, పొడి మెట్లమీద పిల్లలు కేరింతలు కొడుతూ ఎక్కుతుంటే ఆయనే నవ్వేశారు. మొక్కు రెండురోజులు ఆలస్యమైతే స్వామి కోప్పడతాడా, చెప్పండి! సెలవు.