పదమూడు నిమిషాల ప్రయాణము

2025 జనవరి 17 రాత్రి ఎల్బీనగర్ కామినేని ఆసుపత్రి నుండి ఒక గుండెను మెట్రో రైలులో లక్డీకాపూల్‌లోని మరో ఆసుపత్రికి తీసుకువెళ్లారు. మధ్యలో దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు సంగతి మనకు తెలిసిందే, సాయంత్రమైతే బస్సు కదలదు! ఆ 13 కిలోమీటర్లను రైలు 13 నిమిషాల్లో దాటింది.

ఎందుకింత తొందర? దేహములో నుండి తీసిన గుండెకు రక్తం అందదు. చల్లని పెట్టెలో ఉంచినా సుమారు 4 గంటలే ఆగుతుంది. మన గుండె నిమిషానికి దాదాపు 5 లీటర్ల రక్తాన్ని ఒళ్లంతటికీ పంపుతుంది. అయితే తన గదుల్లో నిండిన ఆ రక్తంతోనే అది బ్రతకలేదు. బయటికి పంపిన దానిలో నుండే కొంత, కరోనరీ ధమనుల ద్వారా తిరిగి పొందాలి. చూశారా ఆ ఏర్పాటు!

మరొక సంగతి. కొట్టుకునే శక్తి గుండెలోనే ఉంది. అందుకే నరాలు తెగినా, కొత్త దేహములో రక్తం అందగానే అది మళ్లీ కదులుతుంది. అందుకే, మెదడు పూర్తిగా చనిపోయినా, వెంటిలేటరు ఊపిరి అందిస్తుంటే కొంతకాలం కొట్టుకుంటూ ఉండగలదు. చెయ్యి పట్టుకుంటే వెచ్చగానే ఉంటుంది. “నా బిడ్డ బ్రతికే ఉన్నాడు” అంటుంది తల్లి. ఆమెను తప్పుపట్టగలమా? ఆ ఘడియలోనే ఇంటివారు ఒప్పుకోవలసి వస్తుంది. తెలంగాణలో ‘జీవన్‌దాన్’ ఈ అవయవదానాల పని చూస్తుంది. ఆసుపత్రి వరండా వరకు ఆగకుండా, ఈ రాత్రి భోజనాల దగ్గరే మీ ఇంట్లో ఈ మాట ఎత్తండి.