కొత్త తీగ వచ్చిన వేళ



ఇంట్లోకి కొత్త వస్తువు వచ్చినప్పుడు పాతదాన్ని ఏం చేయాలన్న ఆలోచన ముందుగా మనకే వస్తుంది. గ్యాసు పొయ్యి వచ్చాక కూడా కిరసనాయిలు స్టవ్వును అటక మీద దాచుకున్న వాళ్ళం కదూ మనం! కాని ఇంటర్నెట్టు విషయంలో నాకా ముందుచూపు లేకపోయింది. ఆ సంగతే ఈ పూట మీతో చెప్పుకుందామని వచ్చాను.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ వారి ద్వారా అందింది. అది విజయవాడలో మా ఇంటి గడప తొక్కేసరికి 2000 సంవత్సరం. మా అబ్బాయి అమెరికా వెళ్ళిన ఏడాది అది. ఫోను తీగనే తెచ్చి మోడెమ్ అనే చిన్న పెట్టెకు తగిలించారు. ఆ పెట్టె కంప్యూటరు మాటను కీచు శబ్దాలుగా మార్చి తీగలోకి పంపుతుంది. ఆ కూత మీలో చాలామందికి ఇంకా చెవుల్లో ఉండే ఉంటుంది! మన గొంతు నడిచే దారిలోనే అదీ నడవాలి కనుక, ఇంటర్నెట్టు చూస్తున్నంతసేపూ ఫోను ఎంగేజే.

మా అత్తగారు గంటకోసారి గుమ్మంలో నిలబడి, "అయిందా అమ్మాయ్, నీ కంప్యూటరు కూత? మా తమ్ముడు ఫోను చేస్తానన్నాడు" అనేవారు. పైగా ఖర్చు రెండు వైపులా. గంటల లెక్కన కనెక్షను కంపెనీకి ఇవ్వాలి, కాల్ లెక్కన టెలిఫోను వారికీ ఇవ్వాలి. అందుకని ఉత్తరం ముందే టైపు చేసి పెట్టుకుని, కనెక్షను కలవగానే పంపేసి, వచ్చినవి దించుకుని, వెంటనే కట్టేసేదాన్ని. పాలు పొంగేలోపు పని ముగించుకున్నట్టే!

2004లో ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండు విధానం ప్రకటించింది. సెకనుకు కనీసం 256 కిలోబిట్లు వస్తేనే ఆ పేరు పెట్టాలన్నారు. 2005లో బి.ఎస్.ఎన్.ఎల్. వారి బ్రాడ్‌బ్యాండు మొదలైంది. విచిత్రం ఏమిటంటే తీగ మారలేదు, అదే రాగి తీగ. మేడ ఇంట్లో కింది వాటాలో మనముండి పై వాటా అద్దెకిచ్చినట్టు, కింది స్వరాల్లో మన మాటలు, మనిషి చెవికి అందని పై స్వరాల్లో ఇంటర్నెట్టు! మధ్యలో రెంటినీ విడదీసే చిన్న డబ్బీ ఒకటి. ఇక ఫోను ఎంగేజు లేదు, కూతా లేదు. రెండు మెగాబైట్ల ఫోటో ఒకటి రావడానికి పాత పద్ధతిలో, అన్నీ సవ్యంగా ఉంటే, ఐదు నిమిషాలు పట్టేది. ఇప్పుడు నిమిషం పైచిలుకు. పాత కంపెనీ గంటల కార్డు ఇంకెవరు కొంటారు చెప్పండి? మేమూ మానేశాం.

అక్కడే పొరపాటు చేశాను. మా ఈమెయిలు చిరునామా ఆ కనెక్షను కంపెనీ ఇచ్చిందే. గడువు తీరిన కొన్నాళ్ళకు ఉత్తరాల పెట్టె మూసేస్తామని వారి కాగితంలో చిన్న అక్షరాల్లో ఉందట. నేను చూసుకునేసరికి ఆ గడువు కాస్తా దాటిపోయింది. ఐదేళ్ళ ఉత్తరాలు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవాడు మా అబ్బాయి. "అమ్మా, ఇక్కడ గోంగూర దొరికింది" అన్నదొకటి, మొదటి మంచు చూసిన రోజు రాసినదొకటి, నేను అచ్చు తీయించుకున్నవి రెండంటే రెండే మిగిలాయి. కంపెనీ పేరు చెప్పను, చెప్పినా ఉత్తరాలు తిరిగి రావు.

అమెరికాలో ఏఓఎల్ అనే పెద్ద సంస్థ తన ఫోను తీగ ఇంటర్నెట్టును 2025 సెప్టెంబరు 30న ఆపివేసింది. ఈ రోజుల్లో ఎవరు వాడుతున్నారులే అనుకుంటాం. కాని 2023 అంచనాల ప్రకారం ఆ దేశంలో లక్షా అరవై వేలకు పైగా ఇళ్ళు ఇంకా ఆ పద్ధతి మీదే ఉన్నాయి. ఏఓఎల్ వారు కనెక్షను ఆపినా ఉత్తరాల పెట్టెలను మాత్రం ఉంచారు. మాకా భాగ్యం లేకపోయింది.

ఇంతలో రాగికీ కాలం చెల్లింది. రాగిలో ఎక్స్ఛేంజి నుంచి దూరం పెరిగేకొద్దీ వేగం తగ్గుతుంది. వెంట్రుకంత సన్నని గాజు పోగులో వెలుతురు పంపితే ఆ బెడద చాలా తక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ 2017 డిసెంబరులో లాంఛనంగా ప్రారంభమైంది. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగి, నెలకు 149 రూపాయలకే ఇస్తామన్నారు. మేము వేరొకరి దగ్గర తీసుకున్నాం లెండి. ఫోటో రెప్పపాటులో వచ్చేస్తోంది. ఫోనూ దానికే తగిలించి, పాత ల్యాండ్‌లైను సరెండరు చేసి వచ్చారు మావారు.

మూడేళ్ళ క్రితం వేసవిలో ఒక మధ్యాహ్నం అత్తగారు ఒక్కరే ఇంట్లో ఉన్నారు. కరెంటు పోయింది, ఆవిడకు కళ్ళు తిరిగాయి. సెల్‌ఫోను ఆవిడకు అలవాటు లేదు. రిసీవరు ఎత్తితే నిశ్శబ్దం! పక్కింటావిడ గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చి చూడబట్టి సరిపోయింది. ఫోను దగ్గరే నేల మీద కూర్చుని ఉన్నారట, రిసీవరు ఒళ్ళో పెట్టుకుని.

తరవాత తెలిసింది నాకు. పాత ఫోనుకు కావలసిన కరెంటు ఎక్స్ఛేంజిలోని 48 వోల్టుల బ్యాటరీల నుంచి ఆ రాగి తీగలోనే వచ్చేది. అందుకే ఇల్లంతా చీకటైనా అది మోగేది. గాజు పోగులో వచ్చేది వెలుతురే, కరెంటు రాదు. మన ఇంటి పెట్టె మన ఇంటి కరెంటు మీదే బతకాలి. సరెండరు కాగితం మీద సంతకం పెట్టించుకున్నవారు ఈ ముక్క చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఆ పెట్టెకు తగిలించే చిన్న బ్యాటరీ దొరుకుతుంది. ఆ వారంలోనే కొన్నాం. మూడు గంటలు ఆగుతుంది. ఇప్పుడు కరెంటు పోయినప్పుడల్లా అత్తగారు ముందు రిసీవరు ఎత్తి చెవికి ఆనించుకుంటారు. "ఉందే అమ్మాయ్, కూత ఉంది" అని వంటింట్లో ఉన్న నాకు చెప్పి, అప్పుడు విసనకర్ర అందుకుంటారు.