కాగితం మీద యజమాని ఎవరు?

(తిరుపతిలో జరిగిన కార్మిక హక్కుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



తిరుపతిలోనైనా, చిత్తూరులోనైనా తెల్లవారకముందే వీధులు ఊడ్చేవారిలో, ఆసుపత్రుల్లో, కార్యాలయాల్లో చిన్న కొలువులు చేసేవారిలో మనవారెందరో ఉన్నారు. పని శాశ్వతం, ఉద్యోగం మాత్రం తాత్కాలికం. వీరి విషయంలో న్యాయస్థానం ఏమంటున్నదో తెలుసుకోవడం అవసరం.

నియామక నిబంధనలు పాటించకుండా తీసుకున్న తాత్కాలిక ఉద్యోగులు క్రమబద్ధీకరణను హక్కుగా కోరలేరని 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అధికారులు ఆ తీర్పునే డాలుగా పట్టుకున్నారు. 2024 డిసెంబరులో జగ్గో కేసుతో గాలి కొంత మారింది. కేంద్ర జల సంఘంలో ఏళ్ల తరబడి ఊడ్చే పని, తోట పని చేసినవారిని 2018లో తొలగించగా, సుప్రీంకోర్టు ఆ తొలగింపును కొట్టివేసి, వారి సర్వీసును క్రమబద్ధం చేయమన్నది. నిధుల కొరత సాకు చెల్లదని 2025 ఆగస్టులో ధరమ్ సింగ్ కేసులో మరింత స్పష్టం చేసింది.

అయితే ఇంతటితో నిశ్చింతగా ఉండరాదు. మన రాయలసీమలోని నంద్యాల పురపాలక సంఘం కేసును చూడండి. కాంట్రాక్టరు ద్వారా చేరిన పారిశుద్ధ్య కార్మికులు రెగ్యులర్ ఉద్యోగులతో సమాన వేతనం కోరలేరని 2026 జనవరిలో అదే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చీపురు ఒకటే, వీధి ఒకటే. తేడా అల్లా నడుమ ఉన్న కాంట్రాక్టరే.

కనుక ప్రతి కార్మికుడూ మొదట వేసుకోవలసిన ప్రశ్న ఇది: కాగితం మీద నా యజమాని ఎవరు? 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో ఒకటి నియామక పత్రం ఇవ్వడాన్ని యజమాని బాధ్యతగా చేసింది. దానిని అడిగి తీసుకోండి. కాంట్రాక్టరు జీతం ఎగవేస్తే ప్రధాన యజమాని చెల్లించాలన్న సూత్రం 1970 నాటి చట్టం నుంచీ ఉన్నదే. జీతం చీటీ, పి.ఎఫ్. నంబరు, గుర్తింపు కార్డు, హాజరు వివరాలు భద్రపరచుకోండి. కాంట్రాక్టరు మారినా ఆ కాగితాలు మీ సేవాకాలానికి సాక్ష్యం చెబుతాయి.

యువకులకు ఒక మాట. బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ 2010 మార్చి నాటి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు నీడలో నిలిచి ఉన్నది. అర్హులైనవారు ధ్రువపత్రం సిద్ధం చేసుకొని, నోటిఫికేషన్ వెలువడిన ప్రతి పోస్టుకూ దరఖాస్తు చేయండి.

తీర్పులు ఢిల్లీలో వెలువడతాయి. వాటిని మన వీధికి తెచ్చేది మన చేతిలోని కాగితమే. ఖుదా హాఫిజ్.