థియేటర్ బయట గంటలు

బెంగళూరులోని కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రి 1973లో మొదలైంది, 1980లో ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రమైంది. అనంతపురం, చిత్తూరు వైపు నుంచీ రోగులు వస్తారు కాబట్టి అక్కడి వరండాల్లో కన్నడంతో పాటు తెలుగూ వినిపిస్తుంది.

అక్కడ థియేటర్ లోపల భార్యకో భర్తకో ఆపరేషన్ జరుగుతుంటే, బయట ఉన్నవారిని ఎక్కువగా భయపెట్టేది గడియారం. మూడు గంటలన్నారు, ఐదు దాటింది. ఆ మూడు గంటలు తరచుగా కోతకు పట్టే సమయమే. మత్తు ఇవ్వడం, చివర్లో దూదీ పరికరాలూ లెక్కచూడడం, మెలకువ వచ్చేదాకా రికవరీ గదిలో ఉంచడం దానికి అదనం. ముందు కేసు సాగితే మొదలవడమే ఆలస్యం.

కొన్ని ఆపరేషన్లలో మధ్యలోనే కణజాలపు ముక్కను గడ్డకట్టించి, పలుచని పొరలుగా కోసి మైక్రోస్కోపు కింద చూస్తారు. దీన్ని ఫ్రోజెన్ సెక్షన్ అంటారు. సుమారు అరగంటలో ఫలితం వస్తుంది. అంచుల్లో క్యాన్సర్ కణాలు కనిపిస్తే మరికొంత తీస్తారు. పూర్తి రిపోర్టుకు మాత్రం రోజులు పడతాయి. ఆ సాయంత్రమే ‘మొత్తం పోయిందా’ అని సర్జన్‌ను నిలదీసినా కచ్చితమైన జవాబు రాదు.

రక్తం కావాలన్నా, అనుకున్నదానికన్నా పెద్ద ఆపరేషన్ అవసరమైనా పిలుపు బయటివారికే. అందుకే ఇద్దరుండడం మేలు. ఒకరు టీకి వెళ్ళినా ఇంకొకరు ఉంటారు. బయట వేచి ఉన్నవారిలో షుగరు, బీపీ ఉన్నవారు ఆ పూట తిండీ మాత్రలూ మానేయడం మామూలే. దానివల్ల రోగికి ఒరిగేదేమీ లేదు.

రోగిని బయటికి తెచ్చాక గొట్టాలూ ఆక్సిజన్ మాస్కూ చూసి చాలామంది బెదిరిపోతారు. పెద్ద ఆపరేషన్ తర్వాత అవి సాధారణ ఏర్పాట్లే. తొలి రాత్రి ఐసీయూలో ఉంచడమూ అంతే.