విరేచనపు మందు - మన జాగ్రత్త
(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సర్వీసంతా నేను ప్రభుత్వ ఆసుపత్రి మందుల కిటికీ వెనకే గడిపాను. మన వయసువాళ్లు అక్కడికి వచ్చి గొంతు తగ్గించి అడిగే మాట ఒకటుండేది: "సార్, మోషన్ సాఫీగా కావడానికి ఏమైనా ఉందా?" ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఈ రోజు దాని గురించే నాలుగు మాటలు మనవి చేస్తాను.

సునాముఖి, ఆముదం పేగును కదిలిస్తాయి. ఇసబ్‌గోల్ మలానికి బరువునిస్తుంది. మూడో రకం మందు పేగులో నీటిని చేర్చి మలాన్ని మెత్తబరుస్తుంది. ఊరగాయకు కోసిన మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే నీరు ఊరుతుంది కదా, అలాగన్నమాట. లాక్టులోజ్ సిరప్, డాక్టర్లు పెగ్ అని పిలిచే పాలిథిలీన్ గ్లైకాల్ పొడి, మిల్క్ ఆఫ్ మెగ్నీషియా, ఎప్సమ్ ఉప్పు ఈ కోవలోవే.

ఆ నీరు కొంత మనం తాగినది, కొంత మన ఒంట్లోది. మనది వానలు తక్కువ, ఎండలు ఎక్కువ ఉండే సీమ. అసలే నీళ్లు తక్కువ తాగి, పైన ఈ మందు వేసుకుంటే ఒళ్లు ఎండిపోతుంది. కాబట్టి మందుతో పాటు నీళ్లూ తాగాలి. గుండె, కిడ్నీ జబ్బులకు నీళ్లు కొలిచి తాగమన్నవారు మాత్రం ముందు డాక్టరును అడగాలి.

రెండోది ఓపిక. లాక్టులోజ్, పెగ్ పనిచేయడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. నాకు తెలిసిన ఒక పెద్దాయన రాత్రి తాగిన సిరప్ తెల్లారేసరికి పనిచేయలేదని మళ్లీ తాగారు, సాయంత్రం ఇంకోసారి తాగారు. మరునాడు ఏడెనిమిది సార్లు తిరిగి, కళ్లు తిరిగి స్నానాలగదిలో పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆయన బి.పి.కి వాడేది కూడా మూత్రం ఎక్కువ పోయే మాత్రే. సీసాతో వచ్చిన మూతతోనే కొలవండి. చెప్పిన మోతాదు మించవద్దు.

మూడోది కిడ్నీలు. కిడ్నీలు బలహీనమైనవారికి మెగ్నీషియం మందులు ఒంట్లో నిలిచిపోయి ప్రమాదం తెస్తాయి. సోడియం ఫాస్ఫేట్ మందు మరీ జాగ్రత్త. 55 ఏళ్లు దాటినవారు డాక్టరును అడగకుండా దాన్ని వాడవద్దని, 24 గంటల్లో ఒక మోతాదుకు మించకూడదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2014లో హెచ్చరించింది. మనలో అరవై దాటనివారు ఎందరు?

ఇక పేగు పరీక్ష, అంటే కొలనోస్కోపీ. దీనికీ పెగ్ పొడే ఇస్తారు, కానీ లవణాలు కలిపి, సాధారణంగా 2 లీటర్ల నీళ్లకు సరిపడా. మలబద్ధకానికి గ్లాసు నీళ్లలో కలిపే పొడి వేరు, ఇది వేరు. ఒకదాని బదులు ఒకటి వాడవద్దు. సగం ముందు సాయంత్రం, సగం పరీక్ష రోజు తెల్లవారుజామున తాగమనడం ఇప్పటి పద్ధతి. ఆఖరుకు లేత పసుపు నీళ్లలా వస్తే పేగు శుభ్రమైనట్టు. సరిగా శుభ్రం కాకపోతే చిన్న కంతి కూడా కంటికి దొరకదు, పరీక్ష మళ్లీ చేయాలి. ముందు రెండు మూడు రోజులు రాగిసంకటి, వేరుశనగలు, ఆకుకూరలు మానండి. షుగరు మాత్రలు, ఇన్సులిన్, రక్తం పలచబడే మందులు, ఐరన్ మాత్రల విషయం ముందే అడిగి రాయించుకోండి. సొంతంగా ఆపవద్దు, సొంతంగా వేసుకోవద్దు.

మన వాళ్లు చాలామంది పరీక్షకు బెంగళూరు వెళ్తారు. హిందూపురం నుంచే సుమారు 100 కిలోమీటర్లు. పెనుకొండ, ధర్మవరం వారికి ఇంకా దూరం. మందు తాగి రైలో, బస్సో ఎక్కితే పడే అవస్థ చెప్పనక్కరలేదు. ముందు రోజే వెళ్లి, మరుగుదొడ్డి దగ్గరున్న గదిలో దిగి, అక్కడే మందు తాగండి. ఒంటరిగా వెళ్లవద్దు. కొడుకో, కోడలో, అల్లుడో తోడుండాలి.

చివరగా ఒక హెచ్చరిక. కడుపు ఉబ్బి, నొప్పి, వాంతులు ఉండి, గాలి కూడా పోకపోతే ఏ విరేచనపు మందూ తాగవద్దు. అది పేగు మూసుకుపోయిన లక్షణం కావచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మలంలో రక్తం, బరువు తగ్గడం, ఈ వయసులో కొత్తగా మొదలైన మలబద్ధకం, వీటికి సిరప్ కాదు, పరీక్ష కావాలి. కొన్ని నొప్పి మాత్రలు, ఐరన్, కొన్ని బి.పి. మందులు కూడా మలాన్ని బిగిస్తాయి. అందువల్ల డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మీ మాత్రలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి.