పాడినప్పుడు తెలిసిన అక్షరం
(ప్రసంగ పాఠం)



నేను న్యాయవాదిని, సంగీతజ్ఞుణ్ణి కాను. అయినా ఈ భాషా హక్కుల సభలో సంగీత తరగతిని గురించి మాట్లాడదలచాను.

మాతృభాషలో బోధనకు వసతులు కల్పించమని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం చెప్పింది ప్రాథమిక దశకు మాత్రమే. 29వ అధికరణం మన భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకొనే హక్కునిచ్చింది. ఆ హక్కును విశ్వవిద్యాలయ తరగతిలో ఎట్లా అనుభవించాలో మనమే వెదకుకోవాలి.

త్యాగరాజస్వామి (1767–1847) తిరువయ్యారులో రచించిన కృతులలో అధికభాగం తెలుగువే. తమిళ విద్యార్థులు వాటిని భక్తితో పాడుతున్నారు. అందుకు మనం కృతజ్ఞులం. అయితే చాలామంది వాటిని తమిళ లిపిలో చదివి నేర్చుకొంటారు. ఆ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం. అందుచేత సంగీత గ్రంథాలలో అక్షరం పక్కన అంకెలు వేసి భేదం చూపుతారు. అంకె కంటికి తెలుస్తుంది. నోటికి తెలియాలంటే పాడాలి.

ఆ మధ్య ఒక సంగీత తరగతిలో వెనుక వరుసన కూర్చున్నాను. అధ్యాపకురాలు ఉపన్యాసం ఆపి, అందరిచేతా ఆదితాళం వేయించారు. ఒక ఆవర్తం 'గానము', మరొక ఆవర్తం 'కానము' అని ఒకే స్వరాలలో పాడించారు. మొదటిది పాట, రెండవది చూడలేమనడం. కొందరి నోట రెండూ ఒకటిగానే పలికాయి. అప్పుడు హోసూరు ప్రాంతపు అమ్మాయి ఒకతె, ఇంట్లో తెలుగు మాట్లాడే బిడ్డ, రెంటినీ వేరువేరుగా పాడి వినిపించింది. తరగతి అంతా ఆమె వెంట పాడింది.

పాట ముగిశాక ఆమె అడిగింది: "ఈ మాటను తెలుగులో ఎట్లా రాస్తారు?"

రాసి చూపేవారు ఆ తరగతిలో లేకపోయారు. నేను లేచి నల్లబల్ల మీద రాశాను. ఆమె తన పుస్తకంలో 'గ'ను నాలుగుసార్లు దిద్దుకొన్నది.

నమూనా న్యాయస్థానంలో నిలబడి వాదించిన నాడే నాకు చట్టం పట్టుబడింది. చేసి నేర్చుకొన్న విద్య అట్లా నిలుస్తుంది. కనుక సంగీత శాఖలను మనం కోరవలసినవి రెండు: తెలుగు కృతి నేర్పేటప్పుడు అర్థంతో, ఉచ్చారణతో విద్యార్థులచేత కలిసి పాడించే అభ్యాసం ఉండాలి, తెలుగింటి బిడ్డలకు అందులో మార్గదర్శకుల స్థానం ఇవ్వాలి.

మనం చేయవలసినది ఒకటే. ఆ బిడ్డ కళాశాలకు వెళ్ళేలోపు ఇంటనే అక్షరాలు దిద్దించండి. మరొక తరగతిలో ఆ ప్రశ్న పుట్టినప్పుడు, బదులు రాయడానికి ఆమే లేవాలి.